పాకంలో నిమ్మచుక్క, బ్యాటరీలో పాలిమర్

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు ఒక డిగ్రీ కళాశాలలో ఫిజిక్స్, కెమిస్ట్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే, ఫ్యాన్లు కాస్త తగ్గించండి, నా గొంతు కంటే వాటిదే ఎక్కువగా ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక పని. ఈ రెండు కవర్లు ముందు వరస నుంచి అందించుకుంటూ పోండి. ఒక్కో దాంట్లో చిన్న పొర ఉంది, రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది. ఒకటి తెల్లగా, పాలు కలిపినట్టు మసకగా ఉంటుంది. రెండోది దాదాపు అద్దంలా ఉంటుంది, అవతలి వైపు మీ వేలిగీతలు కనబడతాయి. చూసి పక్కవాళ్లకివ్వండి. కవరు మాత్రం తెరవకండి. ఎందుకు తెరవద్దంటున్నానో తర్వాత చెప్తాను.

ఇవి రెండూ ఎలక్ట్రోలైట్లే. బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అయాన్లు అటూ ఇటూ తిరిగే దారి. మీ జేబుల్లో ఉన్న ఫోన్లలో ఆ దారి ద్రవం. 1991లో సోనీ అమ్మడం మొదలుపెట్టిన లిథియం అయాన్ సెల్ నుంచి ఇప్పటిదాకా కథ చాలావరకు అదే: కార్బొనేట్ ద్రావణాల్లో కరిగించిన లిథియం ఉప్పు. బాగా పనిచేస్తుంది, కాదనను. కానీ ఆ ద్రవం మండుతుంది. 2022 వేసవిలో ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడుతున్న వీడియోలు మీ అందరి వాట్సాప్‌కీ వచ్చాయి కదా? సెల్లు లోపల ఎక్కడో షార్ట్ అయితే వేడి పుడుతుంది. ఆ వేడికి ఈ ద్రవమే ఇంధనమైపోతుంది. అందుకని ద్రవం తీసేసి దాని బదులు ఒక ప్లాస్టిక్ పొర పెడితే ఎలా ఉంటుంది? కారదు, ఆవిరి కాదు, రెండు ఎలక్ట్రోడ్లనూ విడదీసే పని కూడా అదే చేస్తుంది.

ఇక్కడే ఎవరికైనా అనుమానం రావాలి. ప్లాస్టిక్ గుండా కరెంటు పోతుందా? కరెంటు పోకూడదనే కదా వైర్లకు ప్లాస్టిక్ తొడుగు వేస్తాం?

ఎలక్ట్రాన్లు పోవు, నిజమే. అయాన్లు పోతాయి. ఎలా పోతాయన్నదే ఈ రోజు మాట.

పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్ ఉంది. మేం ల్యాబ్‌లో పీఈఓ అంటాం. పొడవాటి గొలుసు. రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్, మళ్లీ రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్, అలా వేల సార్లు. ఆక్సిజన్ దగ్గర ఎలక్ట్రాన్లు కాస్త ఎక్కువుంటాయి కాబట్టి లిథియం, సోడియం లాంటి ధన అయాన్లకు అదంటే ఇష్టం. ఉప్పు వేస్తే అందులో కరుగుతుంది. నీళ్లలో ఉప్పు కరిగినట్టే, ఘనపదార్థంలో కరుగుతుంది. 1973లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో పీటర్ రైట్, ఆయన సహచరులు ఈ కలయికల గురించి మొదట రాశారు. అప్పుడు వాళ్ల మనసులో బ్యాటరీ లేదు. కొత్త పదార్థం, దాని నిర్మాణం ఏమిటన్న కుతూహలం. దాన్ని బ్యాటరీలో పెట్టొచ్చని 1978లో ముందుకొచ్చి చెప్పినాయన ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో పనిచేసిన మిషెల్ ఆర్మాండ్.

సరే, ఉప్పు కరిగింది. లిథియం అయాన్ చుట్టూ నాలుగైదు ఆక్సిజన్లు చేరి పట్టుకున్నాయి. పట్టుకున్న దాన్ని ఎందుకు వదులుతాయి? వదలకపోతే కరెంటు ఎలా?

మీలో ఎవరింట్లోనైనా స్లాబు వేశారా? మిక్సరు కింద ఉంటుంది, స్లాబు పైన. మధ్యలో నిచ్చెన మీదా మెట్ల మీదా మనుషులు వరసగా నిలబడతారు. తట్ట కింది మనిషి చేతి నుంచి పై మనిషి చేతికి, అక్కడి నుంచి ఇంకో చేతికి. ఎవ్వరూ తట్ట పట్టుకుని పైదాకా నడవరు. ఎవరి చోట వాళ్లే ఉంటారు, చేతులు మాత్రం ఊగుతుంటాయి. పాలిమర్ గొలుసు చేసేదదే. గొలుసు మొత్తంగా ఎక్కడికీ పోదు. దాని చిన్న చిన్న ముక్కలు మెలికలు తిరుగుతూ కదులుతుంటాయి. ఆ కదలికలో అయాన్ ఒక ఆక్సిజన్ల గుంపు నుంచి జారి పక్క గుంపు చేతికి చిక్కుతుంది. అంటే అయాన్ వేగం అయాన్ చేతిలో లేదు, అందించేవాళ్ల చేతుల్లో ఉంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా దాన్నుంచే వస్తుంది.

ఇప్పుడు ఆ మేస్త్రీ మనుషులంతా ఒకరి భుజానికొకరు అతుక్కుని, చేతులు కట్టేసుకుని పరేడ్‌లో లాగా నిలబడ్డారనుకోండి. తట్ట కదులుతుందా? స్ఫటికం అంటే అదే. పీఈఓకి వరసలు కట్టడమంటే మహా సరదా. గది ఉష్ణోగ్రత దగ్గర దాంట్లో మూడొంతులదాకా స్ఫటికమే ఉంటుంది. మీ దగ్గరకొచ్చిన మొదటి పొర తెల్లగా మసకగా ఉంది చూశారా? లోపల స్ఫటికాల గుంపులు కాంతిని చెదరగొట్టడం వల్లే ఆ తెలుపు. మసకగా ఉందంటే, అంతమేరకు అయాన్లకు దారి మూసుకుందన్నమాట.

దీని గురించి ఒక సరదా చరిత్ర ఉంది. మొదట్లో చాలామంది ఏమనుకున్నారంటే, స్ఫటికంలో పీఈఓ గొలుసు మెట్లలా, సర్పిలంలా చుట్టుకుంటుంది కదా, ఆ గొట్టంలోంచే అయాన్లు దూసుకుపోతాయని. బొమ్మ గీస్తే ఎంత బాగుంటుందో! 1983లో గ్రెనోబుల్ వాళ్లు ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణువుల కదలికను పసిగట్టే పద్ధతి) పెట్టి చూస్తే తేలిందేమిటంటే, కదులుతున్న అయాన్లు స్ఫటికంలో లేవు, చిందరవందరగా ఉన్న భాగంలో ఉన్నాయి. బొమ్మ అందంగా ఉంటే సరిపోదు. అయితే, నిజం చెప్పాలి, 2001లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం వాళ్లు కొన్ని ప్రత్యేకమైన స్ఫటిక కలయికల్లో కూడా అయాన్లు కదులుతాయని చూపించారు. కానీ ఆ వాహకత చాలా తక్కువ. మన పనికి చిందరవందరే దిక్కు.

ఎంత వాహకత కావాలి? అడగాల్సిన ప్రశ్న అదే. నోట్ బుక్కులు తీయండి, చిన్న లెక్క. పొర మందం 100 మైక్రాన్లు, అంటే సెంటీమీటరులో నూరో వంతు. వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు. గది ఉష్ణోగ్రతలో మామూలు పీఈఓ, లిథియం ఉప్పు పొర వాహకత సెంటీమీటరుకు 10⁻⁶ సీమెన్స్ అనుకుందాం. చాలాసార్లు అంత కూడా రాదు. రెసిస్టెన్స్ ఎంత? మందాన్ని వాహకతతో భాగించండి. పదివేల ఓమ్‌లు. దాని గుండా ఒక్క మిల్లీ ఆంపియర్ పంపండి. ఎన్ని వోల్టులు పోతాయి? ఎవరో అన్నారు... అవును, పది. మీ ఫోన్ సెల్లు ఇచ్చేదే నాలుగు వోల్టుల దగ్గర! సెల్లు మొత్తం ఇచ్చినా పొర తాగేస్తుంది. అదే వాహకత 10⁻⁴ అయితే? నూరు ఓమ్‌లు, పదో వంతు వోల్టు. అది భరించొచ్చు. పొరను ఇంకా పల్చగా చేస్తే ఇంకా మేలు. అందుకే ఈ రంగంలో అందరూ 10⁻⁴, 10⁻⁴ అని జపం చేస్తుంటారు. ద్రవ ఎలక్ట్రోలైట్‌కి అది 10⁻² దగ్గరుంటుంది, అంటే ఇంకో వంద రెట్లు.

వేడి చేస్తే చాలు కదా, స్ఫటికాలు కరుగుతాయి కదా అంటారు మీరు. కరుగుతాయి. దాదాపు 65 డిగ్రీల దగ్గర. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం కూడా 65 డిగ్రీలు రాదు! అయినా ఒక కంపెనీ ఆ పనే చేసింది. 2011 డిసెంబరు నుంచి 2018 దాకా పారిస్ వీధుల్లో ఆటోలిబ్ అని అద్దె ఎలక్ట్రిక్ కార్లు తిరిగాయి. వాటి బ్యాటరీలో లిథియం లోహం, మధ్యలో పాలిమర్ ఎలక్ట్రోలైట్. 30 కిలోవాట్ అవర్లు. ఆ బ్యాటరీని వేడిగా ఉంచితేనే పనిచేస్తుంది. అందుకే కారు ఆగినప్పుడల్లా ప్లగ్ పెట్టేవాళ్లు. ప్లగ్ లేకుండా వదిలేస్తే తన వేడి కోసం తన ఛార్జే తినేస్తుంది. ఇంట్లో మనం ఊరెళ్తూ గీజరు ఆన్‌లో వదిలేసినట్టు. ఇంకోటి కూడా చెప్పాలి. పాలిమర్ అనగానే మంట భయం లేదనుకోకండి. 2022 ఏప్రిల్‌లో అదే పారిస్‌లో ఇలాంటి బ్యాటరీ బస్సులు రెండు ఒకే నెలలో కాలిపోతే, ఆ రకం బస్సులు 149 తాత్కాలికంగా ఆపేశారు. పీఈఓ కూడా మండే పదార్థమే, లిథియం లోహం సంగతి చెప్పనే అక్కర్లేదు. ద్రవం కంటే మెరుగంటాను గానీ, నిప్పంటుకోదని మాత్రం అనను.

మరి వేడి చేయకుండా స్ఫటికాలను ఎలా ఆపాలి?

గులాబ్ జామ్ చేసే ఇళ్లలో అమ్మో, అమ్మమ్మో ఒక పని చేస్తారు, గమనించారా? పంచదార పాకం ఉడుకుతుంటే నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతారు. ఎందుకు? మర్నాటికి పాకం పలుకులు కట్టకుండా. నిమ్మలోని ఆమ్లం కొంత పంచదారను విడగొట్టి గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా మారుస్తుంది. ఇప్పుడు పాకంలో ఒకే రకం అణువులు లేవు, మూడు రకాలున్నాయి. వరస కడదామని ఒకటి చేరేలోపు వేరే ఆకారం వచ్చి మధ్యలో దూరుతుంది. వరస చెడుతుంది. పాకం పాకంగానే ఉంటుంది.

పాలిమర్ బ్లెండ్ అంటే అదే ఉపాయం. పీఈఓలో ఇంకో పాలిమర్ కలపడం. ఇక్కడ ఏదీ విడిపోదు, వేరే గొలుసును నేరుగా కలుపుతాం, అంతే తేడా. నా రీసెర్చిలో కలిపింది పాలీవినైల్ పైరోలిడోన్, పీవీపీ. అది పుట్టుకతోనే చిందరవందర మనిషి, పక్కన బరువైన ఉంగరాల్లాంటి గుంపులు వేలాడుతుంటాయి, వరస కట్టడం దానికి చేతకాదు. నీళ్లలోనూ మిథనాల్‌లోనూ కరుగుతుంది, చవక. పైగా దాని ఉంగరం మీద ఒక కార్బొనైల్ ఆక్సిజన్ ఉంటుంది. నేను వాడిన ఉప్పు సోడియందే, ఆ సోడియం అయాన్‌ని అదీ పట్టుకోగలదు. అంటే ఒక అయాన్ ఒక చేత్తో పీఈఓనీ, ఇంకో చేత్తో పీవీపీనీ పట్టుకుని ఇద్దరి మధ్యా పెద్దమనిషిలా ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రం తీస్తే ఆ కార్బొనైల్ శిఖరం పక్కకు జరిగి కనిపిస్తుంది. రెండో కవరులో ఉన్నది ఈ బ్లెండే.

ఇది వినడానికి తేలిగ్గా ఉంది కానీ పాలిమర్లు మామూలుగా ఒకదానితో ఒకటి కలవవు. చక్కెర, నీళ్లు కలిసినట్టు కలవవు. చిన్న అణువులు కలిస్తే గందరగోళం ఎంతో పెరుగుతుంది, ప్రకృతికి అదిష్టం. కానీ వేల కడియాలున్న గొలుసులో కడియాలన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి కదా? కలిసినా పెరిగే గందరగోళం చాలా తక్కువ. ఈ లెక్కను 1940ల మొదట్లోనే ఫ్లోరీ, హగ్గిన్స్ అనే శాస్త్రవేత్తలు వేసి పెట్టారు. ఫ్లోరీకి 1974లో నోబెల్ వచ్చింది. కాబట్టి రెండు గొలుసులు కలవాలంటే వాటి మధ్య ఏదో ఒక ఆకర్షణ ఉండాలి. కలిశాయో లేదో తెలుసుకోవడానికి డీఎస్సీలో, అంటే శాంపిల్‌ని వేడిచేస్తూ అది ఎంత వేడి పీల్చుకుంటుందో కొలిచే యంత్రంలో పెట్టి, గ్లాస్ ట్రాన్సిషన్ చూస్తాం, అంటే గాజులా బిగుసుకున్న గొలుసు మెత్తబడే ఉష్ణోగ్రత. ఒకటే కనబడితే కలిసినట్టు, రెండు కనబడితే ఒకే ఇంట్లో రెండు పొయ్యిలన్నట్టు.

ఇప్పుడు మెలిక చూడండి. పీఈఓ గొలుసు ఎంత మెత్తనిదంటే దాని గ్లాస్ ట్రాన్సిషన్ సున్నాకి 60 డిగ్రీలు కింద. పీవీపీది 160 డిగ్రీల పైన! గది ఉష్ణోగ్రతలో అది గాజులా బిగుసుకుని ఉంటుంది. అంటే చేతులు చురుగ్గా ఊపే మనుషుల మధ్య కర్రలా నిలబడే మనిషిని పెట్టాం. ఇదేం తెలివి అనిపించడం లేదూ? కొంచెం వేస్తే లాభం: స్ఫటికం విరిగిపోతుంది, అది తెచ్చే మేలు ముందు బిగుసుదనం నష్టం చిన్నది. ఇంకా వేస్తూ పోతే విరగడానికి స్ఫటికం మిగలదు, బిగుసుదనం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వాహకత పడిపోతుంది. అందుకే ప్రతి బ్లెండ్ గ్రాఫూ కొండలా ఎక్కి దిగుతుంది. ఉప్పు సంగతీ అంతే. కొంచెం వేస్తే మోసే తట్టలు పెరుగుతాయి. మరీ వేస్తే అయాన్లు ఒకదానికొకటి అతుక్కుని జంటలు కడతాయి, పైగా గొలుసులను అక్కడక్కడ ముడివేసి బిగిస్తాయి. నిమ్మరసం కూడా అంతే కదా, ఎక్కువైతే పాకం పుల్లగా అయిపోతుంది.

ఇక నా పరువు పోయిన కథ. ఇది ఏ పేపర్లోనూ రాయలేదు.

ఊరి పేరు, యూనివర్సిటీ పేరు వద్దు. సముద్రం దగ్గరి ఊరు. నేను రెండో ఏడు రీసెర్చి స్కాలర్‌ని. పని ఇలా ఉండేది: పొడులు తూచి, డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, మాగ్నెటిక్ స్టిర్రర్ మీద ఒక రోజంతా తిప్పి, జిగురులా అయ్యాక ప్లాస్టిక్ పెట్రీ డిష్‌లో పోసి, బుడగలు పోయేదాకా కాపలా కాసి, ఆరబెట్టడం. ఆరాక బ్లేడుతో అంచు లేపి వలవాలి. చెయ్యి వణికితే చిరుగుతుంది, వారం పని పోతుంది. వలిచిన పొరకు రెండు వైపులా సిల్వర్ పేస్టు రాసి ఇంపెడెన్స్ మీటరుకి తగిలిస్తే, స్క్రీన్ మీద ఒక అర్ధవృత్తం, దాని తోకలా వంగి పైకి పోయే గీత వస్తాయి. అర్ధవృత్తం తోకను కలిసే చోట రెసిస్టెన్స్ చదువుకుంటాం.

ఆగస్టు నెల. ఒక శాంపిల్ 10⁻⁴ ఇచ్చింది. గది ఉష్ణోగ్రతలో! నాకు నిద్ర పట్టలేదు. మూడు సార్లు కొలిచాను, మూడు సార్లూ అదే. మా గైడు సారు కూడా సంబరపడి, "రాసెయ్యమ్మా" అన్నారు. నేను డ్రాఫ్టు రాస్తున్నాను. మా ల్యాబ్ అటెండరు బాబాయి బల్ల తుడుస్తూ పొరను చేతిలోకి తీసుకుని, "ఏంటమ్మా ఇది, వానాకాలం అప్పడంలా మెత్తబడిపోయింది" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. చూడండి, ఆయనకు తెలిసిపోయింది, నాకు తెలియలేదు.

జనవరిలో, పేపరు పంపే ముందు మళ్లీ చేస్తే 10⁻⁶. వంద రెట్లు తక్కువ. అదే పాళ్లు, అదే డబ్బాల్లోని పొడులు, అదే చేతులు. గ్రాఫులు పట్టుకుని సారు దగ్గరకు వెళ్తే, ఆయన గ్రాఫు చూడనే లేదు. "డెసికేటర్‌లో సిలికా జెల్ ఏ రంగులో ఉందమ్మా?" అన్నారు. డెసికేటరంటే శాంపిళ్లకు తేమ తగలకుండా దాచే మూత పాత్ర, అందులో తేమ పీల్చేది ఆ జెల్. వెళ్లి చూశాను. గులాబీ. నీలంగా ఉండాల్సింది ఎప్పుడో గులాబీ రంగులోకి మారిపోయింది. ఎన్ని నెలలైందో. ఆ పొర ఆగస్టులో గాలిలోని తేమంతా తాగి కూర్చుంది. పీఈఓకీ, పీవీపీకీ, సోడియం ఉప్పుకీ, ముగ్గురికీ నీళ్లంటే ప్రాణం. నేను కొలిచింది పాలిమర్ ఎలక్ట్రోలైట్ కాదు, ఉప్పునీళ్లు! డ్రాఫ్టు చించేశాను. సారు ఒక్క మాట అనలేదు, అది తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

అప్పటి నుంచి ఎవరు 10⁻⁴ అన్నా నా మొదటి ప్రశ్న ఎలా ఆరబెట్టారు, ఎక్కడ కొలిచారు అని. లిథియం పనైతే తేమలేని ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సులో, అంటే తొడుగుల్లో చేతులు పెట్టి పనిచేసే మూసిన పెట్టెలో చేస్తారు. మన చిన్న ల్యాబులకు అంత ఖరీదు ఎక్కడిది? అందుకే మన వైపు సోడియం, పొటాషియం ఉప్పుల మీద ఎక్కువ పనిచేశారు. ఉస్మానియాలో, తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఈ రంగంలో ఏళ్ల తరబడి పని జరిగింది. పొర మీద ఒకవైపు సోడియం లోహం, ఇంకోవైపు అయోడిన్, కార్బన్ కలిపిన బిళ్ల పెట్టి సెల్లు కట్టి, లక్ష ఓమ్‌ల లోడు తగిలించి ఎన్ని గంటలు నిలుస్తుందో చూసేవాళ్లు. లక్ష ఓమ్‌ల గుండా పోయేది మైక్రో ఆంపియర్లే, చాలా చిన్న కరెంటు. దాన్ని తక్కువగా చూడకండి. గ్లవ్ బాక్సు లేని చోట ప్రశ్న అడగడం ఎలాగో నేర్పిన పని అది.

ఇంకో కోపం కూడా ఉంది, త్వరగా చెప్పేస్తాను. చాలా థీసిస్‌లలో "ట్రాన్స్‌ఫరెన్స్ నంబరు 0.97" అని గర్వంగా రాస్తారు. వాగ్నర్ పద్ధతిలో డీసీ ఇచ్చి, కరెంటు ఎంత పడిపోయిందో చూస్తే వచ్చే సంఖ్య అది. దాని అర్థం ఏమిటి? కరెంటులో 97 పాళ్లు అయాన్లది, 3 పాళ్లు ఎలక్ట్రాన్లది. అంతే! ఏ అయాన్లది? బ్యాటరీకి పనికొచ్చేది ధన అయాన్ ఒక్కటే. రుణ అయాన్‌ని ఎవరూ పట్టుకోరు, అది ఖాళీ చేతులతో ఈల వేసుకుంటూ తిరుగుతుంది. పీఈఓలో లిథియం వాటా చాలాసార్లు 0.2, 0.3 దగ్గరే. అది తెలియాలంటే 1987 నాటి బ్రూస్, విన్సెంట్ పద్ధతి ఉంది, లిథియం లోహం ఎలక్ట్రోడ్లు కావాలి. రెండు సంఖ్యలకూ ఒకే పేరు పెట్టి మార్కులు కొట్టేస్తే ఎలా?

ప్రశ్నలుంటే అడగండి... ఏమ్మా? "కొంచెం ద్రవం కలిపితే?" కలుపుతారు. దాన్ని జెల్ అంటారు. పీవీడీఎఫ్, పీఎంఎంఏ లాంటి వేరే పాలిమర్లలో ద్రవం పట్టించి 10⁻³ దాకా తెస్తారు. కానీ అప్పుడు మోసేది ఆ ద్రవమే, మండేదీ ఆ ద్రవమే. పాలిమర్ అక్కడ స్పాంజి. నీ ప్రశ్న మంచిదే, వదిలేయకు, ఎంత ద్రవం దాకా భరించొచ్చు అన్నది ఇంకా తేలని లెక్క.

ఇంకెవరూ లేరా? సరే, నా కవర్లు ఎక్కడిదాకా వెళ్లాయి? ఇలా ఇవ్వండి. మొదటిది ఇదిగో, బాగానే ఉంది. రెండోది... దీని జిప్ ఎవరు తీశారు? పర్లేదు, తిట్టను. ఒకసారి పట్టుకుని చూడండి మేడమ్, అంచు వేలికి అంటుకుంటోంది. అప్పడమే! అరగంట కూడా కాలేదు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో డెసికేటర్ ఉందా? దీన్ని కాసేపు అందులో పెట్టనివ్వండి. పెట్టే ముందు జెల్ రంగు నేనొకసారి చూస్తాను.